లేదు, దొరకలేదు

ల్యాబులో అందరూ ఆమెను బ్లేడక్క అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, ఈవిడ మాటలతో ప్రాణం తీస్తుంది కాబోలు అని నాలుగడుగులు దూరంగా నడుస్తారు. అందులో సగం నిజం లేకపోలేదు. కానీ అసలు సంగతి ఏమిటంటే ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె పని బ్లేడుతోనే. చచ్చిన పశువుల లోపలి ముక్కలు ఫార్మలిన్ సీసాల్లో వస్తాయి. వాటిని ఆమె కోసి, మైనంలో పొదిగి, ఆ మైనాన్ని మిషను మీద ఉల్లిపొర కన్నా పల్చగా తీసి, గాజుపలక మీద పరిచి, రంగు వేసి డాక్టరు చేతికిస్తుంది. ఆ పశువు ఎందుకు చచ్చిందో డాక్టరు మైక్రోస్కోపులో చూసి రాస్తారు. పేరు డాక్టరుది, నడుంనొప్పి ఈమెది.

అన్నిట్లోకీ తలనొప్పి పని పేగుబిళ్ళలది. మనకు కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడండి, ఇవీ ఆ జాతివే. కాకపోతే ఇవి పేగు గోడలోనే, లోపలి జిగురుపొర కింద, పుట్టుకతోనే ఉంటాయి. పాలతోనో మేతతోనో లోపలికి దూరిన ప్రతి క్రిమినీ నిలబెట్టి, నువ్వెవరు, ఎక్కణ్ణించి వచ్చావు అని ఆరా తీయడం వాటి ఉద్యోగం. పుస్తకాల్లో వాటికి ఎవరో పెద్దమనిషి పేరు పెట్టారు. ల్యాబులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు, అందుకని పేగుబిళ్ళలే.

పేగు ఒక పల్చటి పొరను పట్టుకుని వేలాడుతుంది. ఆ పొర అంటుకున్న వైపును కట్టువైపు అంటారు. బిళ్ళలు ఎప్పుడూ దానికి ఎదురువైపున ఉంటాయి. పేగు మధ్యలో జానెడు ముక్క కోస్తే అందులో వేలెడంత బిళ్ళ ఒకటి ఉండొచ్చు. ఫార్మలిన్‌లో నానాక మాత్రం పేగంతా ఒకటే బూడిదరంగు, ఒకటే రబ్బరు. కంటికి సరిగ్గా ఆనదు. బ్లేడక్క కుడిచేతి బొటనవేలికి మాత్రం తగిలేది. చొక్కా లోపలివైపు వేసిన అతుకు పైనుంచి తడిమితే తెలిసినట్టు, గ్లవ్స్ వేసుకున్నా తెలిసేది. ఆ వేలి మీద ఇద్దరు డాక్టర్లు ప్రమోషన్లు కొట్టేశారు.

కోసేటప్పుడు ఆమె ఒక కాగితం నింపాలి. దాంట్లో 'బిళ్ళ' అని ఒక గడి ఉంటుంది. ఉంటే 'ఉంది' అని రాస్తుంది. తగలకపోతే 'దొరకలేదు' అని రాయాలి. అది రిటైరైపోయిన పెద్ద డాక్టరు పెట్టిన నియమం. "లేదు అని రాయకమ్మా," అనేవాడాయన. "లేదు అన్నావనుకో, ఉండాల్సింది రోగం తినేసిందని అర్థం. దొరకలేదు అంటే నీకు దొరకలేదని అర్థం. రెంటికీ మధ్య ఒక మంద ప్రాణం ఉంటుంది." 'దొరకలేదు' అని ఉంటే ఆయన సీసాలోంచి ఇంకో ముక్క కోయించేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో బ్లేడక్క ఆ మాట రాసింది రెండేసార్లు. రెండుసార్లూ ముక్కలు కుళ్ళిపోయి వచ్చాయి. ఆ సంగతి ఆమె అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేది.

అలాంటి మనిషి మొన్న సోమవారం ఒక్క పూటలో తొమ్మిది గడుల్లో 'లేదు' అని రాసింది.

ఆ ముక్కలు ఒక పాలావిడ కొట్టం నుంచి వచ్చాయి. పదిహేను రోజుల్లో మూడు దూడలు విరేచనాలతో పారి పారి చచ్చిపోయాయి. ఒక్కో దూడ నుంచి మూడేసి పేగు ముక్కలు. బిళ్ళలు తేలిగ్గా దొరికే పేగు చివరి భాగం కుళ్ళిపోయిందట, మధ్య భాగమే పంపారు. పైగా ముక్కలు తీసిన అటెండరు శుభ్రత పిచ్చిలో వేలాడే పొరనంతా గీకి పారేసి, "చూడక్కా, ఎంత నీటుగా తెచ్చానో," అని సీసాను అటూ ఇటూ తిప్పి చూపించాడు. పొర పోతే కట్టువైపు ఏదో, ఎదురువైపు ఏదో తెలిసే దారి లేదు. ఇక మిగిలింది బొటనవేలే.

ఆ బొటనవేలు ఏడు నెలల క్రితమే సెలవు పెట్టేసింది. షుగరు వల్లో, ఇన్నేళ్ళ ఫార్మలిన్ వల్లో, రెండూ కలిసో, చివరి కణుపు పూర్తిగా మొద్దుబారింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే బల్ల దగ్గర్నుంచి లేపి, ముందుగదిలో సీసాలు తీసుకుని నంబర్లు వేసే సీట్లో కూర్చోబెడతారు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. ఈ ఏడు నెలలూ పొర ఆనవాలు చూసుకుని, చూపుడువేలితో తంటాలు పడి, అలవాటు మీద నెట్టుకొచ్చింది. సోమవారం పొరా లేదు, చూపుడువేలికీ ఏమీ తగల్లేదు. పొద్దున్నుంచి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి. ఒక్కో ముక్కనూ నాలుగైదుసార్లు తడిమి, ఆఖరికి విసుగెత్తి, చేతికి వచ్చిన చోట కోసేసింది. 'దొరకలేదు' అని తొమ్మిదిసార్లు రాస్తే చిన్న డాక్టరమ్మ వచ్చి ఏమైందక్కా అని అడుగుతుంది. 'లేదు' అంటే అడగదు. చెయ్యి దానంతటదే 'లేదు' అని రాసేసింది.

చిన్న డాక్టరమ్మ ఈ ల్యాబుకి వచ్చి ఏడాది కాలేదు. మంచి పిల్ల, పనిమంతురాలు, మధ్యాహ్నం డబ్బా తెరవడం కూడా మర్చిపోయి చూస్తుంది. గురువారం మధ్యాహ్నం ఆవిడ మైక్రోస్కోపు దగ్గర్నుంచి లేచి సరాసరి బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, తొమ్మిదింట్లో ఒక్క దాంట్లో కూడా బిళ్ళ కణాలు లేవు. పూర్తిగా ఖాళీ."

"ఊఁ."

"ఎదురువైపు నుంచే కోశారు కదా?"

బ్లేడక్క తల ఎత్తలేదు. మిషను చక్రం తిప్పుతూనే, "ఊఁ," అంది.

"నాకు తెలుసు, ఊరికే అడిగాను. మీ కాగితంలో కూడా లేదు అనే రాశారు. మీరు 'లేదు' అని రాయగా ఎవరూ చూడలేదట కదా." డాక్టరమ్మ బల్ల మీదికి వంగింది. "అంటే మందల్ని తుడిచిపెట్టే ఆ వైరస్సే అక్కా. బిళ్ళల్ని తినేసేది అదొక్కటే. రక్తం రిపోర్టు వచ్చేసరికి మూడు వారాలు పడుతుంది. ఈలోగా చుట్టుపక్కల కొట్టాలకి అంటుకుంటే? రేపు మధ్యాహ్నానికి పై ఆఫీసుకి పంపించేస్తాను. ఇరవై ఆరు పశువులు అక్కా. అన్నిటినీ తీసేస్తారు."

తీసేయడం అంటే చంపడం. ఆఫీసు భాషలో పశువుని ఎవరూ చంపరు, తీసేస్తారు. బ్లేడక్క చక్రం ఆపింది. మళ్ళీ తిప్పింది. ఆ చుట్టులో వచ్చిన పొరలన్నీ చిరిగిపోయాయి.

సాయంత్రం వెళ్ళేటప్పుడు వసారాలో బెంచీ మీద పాలావిడ కూర్చుని ఉంది. బ్లేడక్క వయసే ఉంటుంది, మడమల దగ్గర అరిగిన రబ్బరు చెప్పులు, చేతిలో మడతపెట్టిన సంచి. తెల్లకోటు కనిపించగానే లేచి నిలబడింది.

"అమ్మా, మా దూడల రిపోర్టు ఏమైనా తెలిసిందా?"

"డాక్టరమ్మ చెప్తారు."

"అడిగితే రేపు అంటున్నారు. నా ముఖం చూడట్లేదమ్మా ఆవిడ. ఏదో పెద్దదే అయ్యుంటుంది." పాలావిడ సంచిని ఇంకో మడత పెట్టింది. "మా ఆయన పోయాక ఆ పశువులతోనే నా కాలక్షేపమంతా. ఒకటి చూడిది, నెలలు నిండాయి, ఇవాళో రేపో. దాన్ని వదిలి వచ్చి కూర్చున్నా."

బ్లేడక్క "ఇంటికెళ్ళండి, పొద్దుపోయింది," అని గబగబా మెట్లు దిగింది. తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ అసహ్యం వేసినంత మాత్రాన నోరు పెగలదు కదా.

మర్నాడు పొద్దున్నే ఆమె భర్త కుట్టుమిషను ముందు కూర్చుని, పిన్నులు గుచ్చిన జాకెట్టు గుడ్డను పట్టుకోమని ఇచ్చాడు. ఆయన దర్జీ. చూపు తగ్గినా కత్తెర వదలడు, ఆ విషయంలో ఇద్దరూ ఇద్దరే. ఆమె గుడ్డ పట్టుకుని కిటికీలోంచి ఎటో చూస్తోంది.

"ఏమే, నెత్తురు!" అన్నాడాయన.

చూసుకుంటే పిన్ను బొటనవేలి కొసలోకి సగందాకా దిగి ఉంది. లేతరంగు గుడ్డ మీద రూపాయి బిళ్ళంత మరక. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఆయన పిన్ను లాగి, గుడ్డపీలికతో వేలు చుట్టాడు. "ఎన్నాళ్ళు దాస్తావే ఇది?"

"దాచకపోతే ఏం చెయ్యమంటారు? ఈ వేలు చచ్చిపోయిందని బోర్డు కట్టుకుని తిరగనా?"

"నాకు కళ్ళు తగ్గాక ఏం చేశాను? కాజాలు కుట్టనని చెప్పేశాను. మానం పోయింది, నిజమే. కాజాలు మాత్రం వంకర పోలేదు."

"మీ కాజా వంకర పోతే గుండీ పట్టదు, అంతే. నాది అలా కాదు." అంటూనే ఆమె తొమ్మిది 'లేదు'ల సంగతి అంతా చెప్పేసింది. మధ్యలో ఆయన మిషను చక్రం మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇవాళ ఎన్నింటికి పంపుతారన్నావు?"

"మధ్యాహ్నం."

"మరి ఇక్కడ కూర్చుని నాకు చెప్తావేం? నేనా డాక్టర్ని?" అన్నాడు. కసిరినట్టు అన్నా, చెప్పులు ఆయనే తెచ్చి ముందు పెట్టాడు.

బస్సులో ఆమెకు నిలబడే చోటే దొరికింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. ముక్కలు బాగా లేవని చెప్పొచ్చు. అటెండరు పొర గీకేశాడని అతని మీదికి తోసేయొచ్చు, అందులో అబద్ధం కూడా లేదు. ఇంకోసారి కోద్దామా అని మామూలుగా అడగొచ్చు. మూడూ బాగానే ఉన్నాయి. కానీ మళ్ళీ కోసినా ఈ వేలితోనే వెతకాలి కదా. ల్యాబు గేటు దగ్గర దిగేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

డాక్టరమ్మ రిపోర్టు ప్రింటు తీసి, సంతకం కోసం పెన్ను మూత విప్పుతోంది.

"డాక్టరమ్మా, సంతకం పెట్టకండి."

"ఏమైంది అక్కా?"

"అది 'లేదు' కాదు. దొరకలేదు." గుడ్డపీలిక చుట్టిన వేలు పైకెత్తి చూపించింది. "నాకు దీంతో ఏమీ తెలియట్లేదు. ఏడు నెలలైంది. పొరవైపు ఏదో తెలియక చేతికొచ్చిన చోట కోశాను. ఎదురువైపు నుంచే కోశారా అని మీరు అడిగితే ఊఁ అన్నాను. అబద్ధం."

డాక్టరమ్మ అరుస్తుందని బ్లేడక్క ఎదురుచూసింది, అరిచినా బావుండేదనుకుంది. ఆ పిల్ల పెన్ను మూత పెట్టి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది.

"ఇరవై ఆరు పశువులు అక్కా," అంది అరచేతుల్లోంచి. "నేను సంతకం పెట్టేసి ఉంటే?"

"అందుకే వచ్చాను."

"ఏడు నెలలు అంటే, ఎన్ని కేసులు?"

"పేగులవి నలభై మూడు." బస్సులో లెక్కేసుకున్నది అదొక్కటే. "ఇంకే దాంట్లోనూ 'లేదు' అని రాయలేదు. అయినా సరే, అన్నీ మళ్ళీ చూడాలి."

"చూడాలి," అంది డాక్టరమ్మ నీరసంగా. లేచి, కోటు చేతులు పైకి మడుచుకుంది. "ముందు ఇవి. సీసా తీయండి."

మిగిలిన ముక్కల్ని నీళ్ళలో కడిగి ట్రేలో వరసగా పరిచారు. డాక్టరమ్మ పుస్తకాలు చదివింది, స్లైడులు వేలకు వేలు చూసింది, కానీ నానిన పేగులో బిళ్ళను వేలితో వెతకడం ఎవరూ నేర్పలేదు. అలాంటివి చేయడానికి బ్లేడక్కలుంటారు కదా. బ్లేడక్క ఆ పిల్ల చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, బొటనవేలిని ముక్క మీద ఆనించింది.

"నొక్కొద్దు. నొక్కితే అంతా ఒకేలా ఉంటుంది. బరువు వదిలేసి జరపండి. పొడుగునా కాదు, అడ్డంగా."

"ఏం తెలియట్లేదు."

"తెలుస్తుంది. ఇంకొంచెం తిప్పండి. గుడ్డకి లోపల అతుకు ఉంటుందే, అలా."

మొదటి ముక్క, రెండో ముక్క, ఏమీ లేదు. బ్లేడక్క మూడో ముక్కను ముందుకు జరిపింది. నిజంగానే లేదేమో, రోగమే తినేసిందేమో, తను 'లేదు' అని రాసింది పొరపాటున నిజమైందేమో. మూడో ముక్క మీద డాక్టరమ్మ వేలు ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకొచ్చింది.

"అక్కా, ఇక్కడేదో అంచు."

"ఎంత పొడుగు?"

"నా వేలంత. గరుకుగా ఉంది."

బ్లేడక్క ఆత్రం ఆపుకోలేక తన వేలు కూడా అక్కడ పెట్టి చూసింది. చల్లదనం కూడా తెలియలేదు. తీసేసుకుంది.

"అక్కడ కోయండి," అంది. "అంచు దాటాక కొంచెం వదిలి, నిలువుగా."

తొమ్మిదిలో ఆరింట్లో దొరికాయి, దూడకి రెండేసి చొప్పున. మైనం, కోత, రంగు అన్నీ అయ్యేసరికి సోమవారం వచ్చింది. మైక్రోస్కోపులో బిళ్ళలు నీలంగా, గుత్తులుగా, నిండుగా ఉన్నాయి. ఏ వైరస్సూ వాటి జోలికి రాలేదు. కాపలా తన చోట తను ఉంది, దూడలు మాత్రం చచ్చిపోయాయి. డాక్టరమ్మ పాలావిడకి ఫోను చేసి, దూడలు ఎప్పుడు పుట్టాయి, ముర్రుపాలు ఎప్పుడు పట్టారు అని గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. మూడూ రాత్రిపూట పుట్టినవే. పాలావిడ వాటిని తుడిచి, గడ్డి పరిచి పడుకోబెట్టి, తెల్లారి పాలు తీసే వేళకి ముర్రుపాలు పట్టేది. అప్పటికి ఆలస్యమైపోయేది. పుట్టిన మొదటి కొన్ని గంటలే పేగు ఆ పాలలోని రక్షణను ఉన్నదున్నట్టు రక్తంలోకి వెళ్ళనిస్తుంది, తర్వాత తలుపు మూసేస్తుంది. దూడ సొంత బిళ్ళలు పని నేర్చుకునేదాకా అమ్మ ఇచ్చిందే దిక్కు. అది అందకపోతే మామూలు పారుడు క్రిమి చాలు.

పై ఆఫీసుకి వేరే రిపోర్టు వెళ్ళింది. బ్లేడక్క మీద ఒక మెమో వచ్చింది. నలభై మూడు కేసుల సీసాలు స్టోరు నుంచి దిగాయి, వాటిని మళ్ళీ కోయడానికి డాక్టరమ్మ సెలవులు మానుకుంది. కోత కాగితంలో 'బిళ్ళ' గడి పక్కన 'వెతికినది ఎవరు' అని కొత్త గడి పెట్టారు. బుధవారం నుంచి బ్లేడక్క ముందుగదిలో కూర్చుంటోంది. సీసాలు తీసుకుని నంబరు వేయాలి. కుర్చీ బాగానే ఉంది, కాళ్ళు లాగడం లేదు. అయినా సాయంత్రానికి ఒళ్ళంతా ఎవరో కొట్టినట్టు అలసిపోతోంది. పని చేసి అలసిపోవడం వేరు, ఇది వేరు.

శుక్రవారం పాలావిడ వచ్చింది. రిపోర్టు కాపీ తీసుకోవడానికి సంతకం పెట్టాలి. రిజిస్టరు ముందుకు తోస్తుంటే ఆవిడ పెన్ను ముట్టుకోకుండా నిలబడింది.

"వైరస్సని తప్పు రాసిందెవరమ్మా?"

"డాక్టరమ్మ కాదు. ముక్కలు తప్పు కోసింది నేను."

"మరి తప్పని కనిపెట్టిందెవరు?"

"అదీ నేనే."

పాలావిడ పెన్నును పక్కకి తోసింది. తర్వాత మొదలుపెట్టింది. "ఆ నాలుగు రోజులూ నాకు ముద్ద దిగలేదు, తెలుసా? పోయిన శుక్రవారమే మీ అటెండరు చెప్పాడు మందంతా పోతుందని. ఒక్కోదాని దగ్గరికీ పోయి మెడ నిమిరి వచ్చాను. ఎందుకు నిమురుతున్నానో తెలియక నావైపు చూస్తున్నాయి అవి. ఆ బెంచీ మీద నన్ను చూశావు కదా, ఒక్క మాట చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా? మనిషివేనా నువ్వు?" వసారాలో ఉన్నవాళ్ళు తొంగిచూశారు. బ్లేడక్క రిజిస్టరు మీద చెయ్యి పెట్టి అలాగే విన్నది. అన్నీ నిజాలే. ఎవరైనా తిడితే బావుండునని ఆ శుక్రవారం నుంచీ ఆమె కోరుకుంటూనే ఉంది. ఇప్పుడు తిడుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తిట్టీ తిట్టీ పాలావిడకే ఆయాసం వచ్చింది. ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడింది.

"నేను మాత్రం తక్కువా?" అంది. "రాత్రి పాలు తీయడానికి బద్ధకించాను. చలి, మోకాళ్ళ నొప్పి, తెల్లారి చూద్దాంలే అనుకున్నా. మూడింటినీ నా చేతులారా..." 

"మీకు తెలియక చేశారు."

"నువ్వు ఏమవుతుందో తెలిసే చెప్పావు. ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదటగా, డాక్టరమ్మ పేర్లు చెప్పకుండా అంతే చెప్పింది." ముక్కు చీది, చీర చెంగుతో తుడుచుకుంది. "మొన్న ఆ చూడిది ఈనింది. పెయ్యదూడ. రాత్రి రెండింటికి. దీపం పెట్టుకుని అప్పుడే పిండి పట్టాను. తాగి, నా చెయ్యంతా నాకి, ఇవాళ గెంతుతోంది."

అలా అంటూ వంగి, రిజిస్టరు మీదున్న బ్లేడక్క కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుంది. రోజూ పాలు పిండే చేతులు. గట్టిగానే పట్టుకుని ఉంటుంది, బొటనవేలి గోరు తెల్లబడింది. ఆ వేలికి ఏమీ తెలియలేదు. మిగతా నాలుగింటికీ తెలిసింది.